బూస్టర్ ఆన్ చేస్తే సౌండ్ తగ్గిపోతోంది. తప్పు పార్టు ఎక్కడుందో పట్టుకునేదెలా?

ఆమదాలవలస_ఆరుతీగలు
అందరికీ నమస్కారం. ఎలక్ట్రో-హార్మోనిక్స్ వాళ్ళ ఎల్‌పీబీ-1 సర్క్యూట్ చూసి వెరో బోర్డు (రాగి పట్టీలున్న రంధ్రాల బోర్డు) మీద గిటార్ సౌండ్ పెంచే బూస్టర్ పెడల్ కట్టాను. ఒక ట్రాన్సిస్టర్, ఐదు రెసిస్టర్లు, రెండు కెపాసిటర్లు, ఒక వాల్యూమ్ పాట్ (తిప్పే నాబ్). అంతే. స్విచ్ ఆఫ్‌లో ఉంటే గిటార్ మామూలుగా పలుకుతోంది. ఆన్ చేస్తే పెరగాల్సిన సౌండ్ తగ్గిపోతోంది. తీగ గట్టిగా మీటితే గరగరమంటోంది. పాట్ చివరిదాకా తిప్పినా అంతే. బ్యాటరీ కొత్తదే. వచ్చే ఆదివారం చర్చిలో వాయించాలి, టెన్షన్‌గా ఉంది. అన్నీ పీకేసి మళ్ళీ మొదటినుంచి కట్టేయమంటారా?

నాగావళి_నాయిస్ (శ్రీకాకుళం)
ట్రాన్సిస్టర్ కాలిపోయి ఉంటుంది బ్రో. సోల్డరింగ్ చేసేటప్పుడు వేడి ఎక్కువైతే పోతాయి. కొత్తది వేసెయ్. బీసీ547 అయితే రెండు మూడు రూపాయలే, ఏ టీవీ రిపేరు షాపులోనైనా ఇస్తారు.

గంటస్తంభం_వోల్ట్ (విజయనగరం)
తమ్ముడూ, ఆగు. ఇప్పుడే ఏదీ పీకొద్దు. ట్రాన్సిస్టర్లు అంత తేలిగ్గా పోవు. ఏం తప్పు జరిగిందో తెలియకుండా పార్టు మారిస్తే ఆ తప్పు అలాగే ఉండిపోతుంది, పైగా వేడికి బోర్డు మీద రాగి పట్టీ లేచిపోతుంది. ముందు వోల్టేజీలు చూడు.

మల్టీమీటర్‌ని 20 వోల్టుల డీసీ రేంజిలో పెట్టు. నల్ల ప్రోబ్‌ని జాక్ గ్రౌండ్‌కి క్లిప్పుతో బిగించెయ్. అప్పుడు చేతిలో ఎర్రది ఒక్కటే ఉంటుంది, జారి రెండు కాళ్ళను కలిపేసే ప్రమాదం తగ్గుతుంది. ఇన్‌పుట్ జాక్‌లో కేబుల్ పెట్టే ఉంచు. చాలా పెడల్స్‌లో ఆ కేబుల్ పెడితేనే బ్యాటరీ కనెక్ట్ అవుతుంది. బ్యాటరీ ప్లస్ దగ్గర ఎంత, ట్రాన్సిస్టర్ మూడు కాళ్ళ దగ్గర ఎంత, డ్రాయింగ్‌లో ఏ నంబర్ ట్రాన్సిస్టర్ ఉంది, నువ్వు వేసింది ఏ నంబర్. ఇవన్నీ రాయి.

ఆమదాలవలస_ఆరుతీగలు
థాంక్స్ అన్నా. బ్యాటరీ 9.0. డ్రాయింగ్ ప్రకారం కలెక్టర్ రంధ్రం దగ్గర 8.8, బేస్ 0.68, ఎమిటర్ 0.08. డ్రాయింగ్‌లో 2ఎన్5088 అని ఉంది. అది ఇక్కడ దొరకలేదు. షాపాయన బీసీ547బీ ఇచ్చి దీంతో పనైపోతుందన్నాడు. ఫ్లాట్ వైపు డ్రాయింగ్‌లో ఎటు ఉందో అటే పెట్టాను.

గంటస్తంభం_వోల్ట్ (విజయనగరం)
దొరికింది. షాపాయన చెప్పింది నిజమే, ఈ సర్క్యూట్‌కి బీసీ547 చక్కగా సరిపోతుంది. కాళ్ళ వరసే వేరు. ఫ్లాట్ వైపు మనకేసి, కాళ్ళు కిందికి పెట్టి చూస్తే 2ఎన్5088కి ఎడమ నుంచి ఎమిటర్, బేస్, కలెక్టర్. బీసీ547కి కలెక్టర్, బేస్, ఎమిటర్. డ్రాయింగ్‌లో ఉన్నట్టే పెట్టావు కాబట్టి కలెక్టర్ స్థానంలోకి ఎమిటర్ వెళ్ళింది. 2ఎన్3904 డ్రాయింగులో బీసీ547 వేసినా ఇదే జరుగుతుంది. అమెరికన్ నంబర్లున్న డ్రాయింగులకి మన దగ్గర దొరికే బీసీ సిరీస్ వాడేవాళ్ళందరికీ ఎప్పుడో ఒకప్పుడు ఇది తగులుతుంది.

వోల్టేజీలు ఏం చెబుతున్నాయో చూడు. ఈ బూస్టర్ సరిగ్గా ఉంటే కలెక్టర్ దగ్గర 4, 5 వోల్టుల చుట్టుపక్కల ఉండాలి. నీకు 8.8 ఉంది. అంటే బ్యాటరీకీ కలెక్టర్‌కీ మధ్య ఉన్న 10 కె (పది వేల ఓముల) రెసిస్టర్ మీద పడుతున్నది 0.2 వోల్టులే, కరెంటు దాదాపు పారడం లేదు. బేస్‌కీ ఎమిటర్‌కీ మధ్య 0.6 తేడా కనబడుతోంది కదా, అది చూసి బాగానే ఉందనుకోకూడదు. బేస్, కలెక్టర్ల మధ్య ఉన్న జంక్షన్ కూడా డయోడే. తిరగేసి పెట్టినా అదే 0.6 చూపిస్తుంది. తిరగబడిన ట్రాన్సిస్టర్ పూర్తిగా ఆగిపోదు, కానీ వందల్లో ఉండాల్సిన దాని సొంత గెయిన్ (కరెంటుని పెంచే రెట్లు) పది చుట్టుపక్కలకి పడిపోతుంది. సౌండ్ వస్తూనే తగ్గిపోవడానికి కారణం అదే.

ఇంకో సంగతి. ఇప్పుడు దాని ఎమిటర్ మీద 8 వోల్టులకు పైగా తిరుగు వోల్టేజి పడుతోంది. బీసీ547 డేటాషీటులో ఎమిటర్-బేస్ మధ్య గరిష్ఠం 6 వోల్టులు. అది దాటితే జంక్షన్ బ్రేక్‌డౌన్‌లోకి వెళ్ళొచ్చు. అలా వెళ్ళిన ట్రాన్సిస్టర్ బతికే ఉంటుంది కానీ గెయిన్ తగ్గి, హిస్ (బుస్సుమనే శబ్దం) పెరిగే అవకాశం ఉంది. గిటార్ సర్క్యూట్‌లో మొదటి ట్రాన్సిస్టర్ హిస్ చేస్తే ఆంప్లిఫయర్ దాకా అదే వినబడుతుంది. కాబట్టి తీసినదాన్నే తిప్పి పెట్టకు. కొత్తది తీసుకుని, ఫ్లాట్ వైపు ఎదురు దిక్కుకి తిప్పి వెయ్యి.

నాగావళి_నాయిస్ (శ్రీకాకుళం)
అన్నా, కొత్తది వేసెయ్ అని నేను కూడా అదే కదా అన్నాను.

గంటస్తంభం_వోల్ట్ (విజయనగరం)
అన్నావు నాన్నా, కానీ అదే దిక్కులో కొత్తది వేసి ఉంటే మళ్ళీ 8.8 వచ్చేది. ఆ పార్టు కూడా పోయిందనుకుని ఇంకోటి తెచ్చేవాడు. చాలామంది పెడల్స్ కట్టడం మానేసేది ఇలాంటి చోటే. అది జరగకూడదనే నా తాపత్రయం.

ఆమదాలవలస_ఆరుతీగలు
అర్థమైంది అన్నా. ఇప్పుడు బోర్డు పాడవకుండా తీయడమెలా? టంకం పీల్చే పంపు లేదు. 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ ఒకటి ఉంది.

మైకుసెట్టు_మాస్టారు (రాజాం)
బావూ, నేను చెప్తాను. మైకుసెట్లు, ఆంప్లిఫయర్లు బాగుచేస్తూ చాలా ఏళ్ళుగా ఇదే పని. పార్టుని కాపాడాలని చూడకు, బోర్డుని కాపాడు. రెండు రూపాయల ట్రాన్సిస్టర్ కోసం వేడి పెడుతూ కూర్చుంటే రాగి పట్టీ ఊడొస్తుంది.

కటింగ్ ప్లయర్‌తో ట్రాన్సిస్టర్ నల్ల తలని కట్ చేసి తీసెయ్. ఇప్పుడు బోర్డు మీద మూడు కాళ్ళు విడివిడిగా నిలబడి ఉంటాయి. ఒక కాలిని పై నుంచి చిన్న పట్టకారుతో పట్టుకో. కింద ఆ జాయింట్ మీద ఐరన్ పెట్టి, పాత టంకం మీద కాస్త కొత్త టంకం తగిలించు. ఎండిపోయిన పాత టంకం ఒక్కటే త్వరగా కరగదు. కొత్తదానిలో ఉండే ఫ్లక్స్ తగిలితే టక్కున జారుతుంది. జాయింట్ మెరిసిందా, పట్టకారుతో మెల్లగా లాగు. లాక్కుని పోరాడకు. మూడు సెకన్లలో రాకపోతే ఐరన్ తీసెయ్, చల్లారనియ్, మళ్ళీ చూడు. మూడు కాళ్ళూ ఒకేసారి వేడెక్కించి ట్రాన్సిస్టర్‌ని పూర్తిగా లాగాలని చూసేవాళ్ళే బోర్డులు పాడు చేసుకుంటారు.

రంధ్రంలో టంకం మిగిలిపోతే వేడిగా ఉన్నప్పుడు పళ్ళ మధ్య పెట్టుకునే చెక్క పుల్ల గుచ్చు. చెక్కకి టంకం అంటుకోదు.

మనది తీరప్రాంతం. ఉప్పుగాలికి, తేమకి రాగి తొందరగా నల్లబడుతుంది. తెరిచి ఉంచిన వెరో బోర్డు, పాత పార్టుల కాళ్ళు బ్లేడుతో గీకి మెరిపించాకే టంకం పెట్టు. లేకపోతే పైకి అతికినట్టు కనబడి లోపల అతకదు. ఆ డ్రై జాయింట్‌ని తప్పు పార్టు అనుకుని రోజంతా వెతుకుతావు.

పాలకొండ_పెడల్
మాస్టారూ, పంపు కంటే విక్ (టంకం పీల్చే రాగి అల్లిక) మంచిదంటారు కొందరు. మీరేమంటారు?

మైకుసెట్టు_మాస్టారు (రాజాం)
అమ్మా, పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ జాయింట్లకి పంపు. సన్నటి వెరో బోర్డుకి, రెండు పట్టీల మధ్య టంకం కలిసిపోయినచోటికి విక్. పంపు వదిలేటప్పుడు వచ్చే కుదుపుకి వేడి పట్టీ లేచే ప్రమాదం ఉంది. విక్ మీద ఐరన్‌ని ఆనించాలి కానీ రుద్దకూడదు.

గంటస్తంభం_వోల్ట్ (విజయనగరం)
మాస్టారితో ఒక్క విషయంలో ఏకీభవించను. ఐసీలు, పాత జర్మేనియం ట్రాన్సిస్టర్లు అయితే తల కోసెయ్యకండి. మంచివి మళ్ళీ దొరకడం కష్టం. ఐసీకి మొదటే సాకెట్ వేసుకుంటే ఈ బాధే ఉండదు. బీసీ547కి మాత్రం ఆయన చెప్పిందే సరైన పద్ధతి.

ఆమదాలవలస_ఆరుతీగలు
కొత్త ట్రాన్సిస్టర్ తిప్పి వేశాను. మాస్టారు చెప్పినట్టే చేస్తే పట్టీ చెక్కుచెదరలేదు. గరగర పూర్తిగా పోయింది, సౌండ్ శుభ్రంగా ఉంది. కానీ బూస్ట్ మాత్రం కొంచెమే. ఈ సర్క్యూట్ ఆంప్లిఫయర్‌ని గట్టిగా తోస్తుందని చదివాను, నాకు అలా లేదు. ఇప్పుడు కలెక్టర్ 8.3, బేస్ 0.80, ఎమిటర్ 0.27.

గంటస్తంభం_వోల్ట్ (విజయనగరం)
మంచి రీడింగులు ఇచ్చావు. వీటితోనే రెండో తప్పు కూడా దొరుకుతుంది, ఐరన్ ముట్టుకోకుండా లెక్క వేద్దాం.

బ్యాటరీ 9, కలెక్టర్ 8.3. అంటే 10 కె మీద 0.7 వోల్టులు పడుతున్నాయి. 0.7ని 10 కెతో భాగిస్తే 0.07 మిల్లీయాంపులు. ట్రాన్సిస్టర్‌లో కలెక్టర్ కరెంటూ ఎమిటర్ కరెంటూ దాదాపు ఒకటే. కాబట్టి ఎమిటర్ రెసిస్టర్‌లోనూ అంతే పారుతోంది. దాని మీద 0.27 వోల్టులు ఉన్నాయి. 0.27ని 0.07 మిల్లీయాంపులతో భాగించు. 3,850 ఓములు, ఆ చుట్టుపక్కల వస్తుంది. అక్కడ ఉండాల్సింది 390 ఓములు. నువ్వు వేసింది 3.9 కె అయి ఉండాలి.

ఈ సర్క్యూట్ మొత్తం గెయిన్ (సిగ్నల్‌ని పెంచే రెట్లు) సుమారుగా కలెక్టర్ రెసిస్టర్‌ని ఎమిటర్ రెసిస్టర్‌తో భాగిస్తే వచ్చేంత. 10 కె, 390 అయితే 25 రెట్లు. 3.9 కె వేస్తే రెండున్నర రెట్లే. నీకు వినబడుతున్న తేడా అదే. ఆ రెసిస్టర్ రంగులు ఎండ వెలుగులో చూసి చెప్పు.

ఆమదాలవలస_ఆరుతీగలు
ఆరెంజ్, వైట్, బ్లాక్, తర్వాతది... ట్యూబ్‌లైటు కింద నల్లగానే కనబడింది. బయట ఎండలో చూస్తే బ్రౌన్! చివరిది కూడా బ్రౌన్. అయితే 3.9 కెనే అన్నా. చూడకుండా ఎలా కనిపెట్టారో!

గంటస్తంభం_వోల్ట్ (విజయనగరం)
నీలం ఒళ్ళున్న ఒక శాతం మెటల్ ఫిల్మ్ రెసిస్టర్లతో ఇదే కష్టం. ఐదు పట్టీలు, నీలం మీద బ్రౌన్ నల్లగా, ఆరెంజ్ పసుపుగా కనబడతాయి. 390 అయితే ఆరెంజ్, వైట్, బ్లాక్, బ్లాక్, బ్రౌన్. ఒక్క పట్టీ తేడా, విలువలో పది రెట్లు. బోర్డులోకి దూర్చే ముందు ప్రతి రెసిస్టర్‌ని మీటరుతో కొలవడమే మార్గం. నేను ఇప్పటికీ రంగుల్ని నమ్మను, ఒక్కొక్కటీ కొలిచే వేస్తాను.

నాగావళి_నాయిస్ (శ్రీకాకుళం)
అన్నా, వేసేసిన తర్వాత బోర్డు మీదే కొలవొచ్చా? తీయకుండా?

గంటస్తంభం_వోల్ట్ (విజయనగరం)
బ్యాటరీ తీసేసి కొలవొచ్చు. అయితే రెసిస్టర్‌కి పక్క దారులు ఉంటాయి కాబట్టి అసలు విలువ కంటే తక్కువ చూపించొచ్చు. ఎక్కువ మాత్రం చూపించకూడదు. 10 కె ఉండాల్సిన చోట 7 కె చూపిస్తే అనుమానపడక్కర్లేదు. 10 కె ఉండాల్సిన చోట 95 కె చూపించి, ఆ అంకె నిలకడగా ఉంటే, అక్కడ వేరే రెసిస్టర్ ఉంది లేదా జాయింట్ అతకలేదు. కెపాసిటర్లలో ఛార్జి మిగిలి ఉంటే అంకె కదులుతూ ఉంటుంది, ఆగేదాకా చూడు.

పాలకొండ_పెడల్
అన్నయ్యా, ఇదే చర్చలో నాదీ అడుగుతాను. ఐబనెజ్ ట్యూబ్ స్క్రీమర్ (గిటార్ సౌండ్‌ని గరుకుగా చేసే పెడల్) తరహా సర్క్యూట్ కట్టాను, 4558 ఐసీతో. వోల్టేజీలు బాగున్నాయి. ఐసీ 8వ పిన్ 8.7, 4వ పిన్ సున్నా, మిగతావన్నీ 4.3 దగ్గర. డ్రైవ్ (ఆ గరుకుదనాన్ని పెంచే నాబ్) తక్కువలో సౌండ్ బాగుంది. డ్రైవ్ పెంచేకొద్దీ గిటార్ మీద దుప్పటి కప్పినట్టు అయిపోతోంది. టోన్ పాట్ తిప్పినా తేరుకోవడం లేదు. టోన్ దగ్గరి కెపాసిటర్ తప్పా?

గంటస్తంభం_వోల్ట్ (విజయనగరం)
చెల్లెమ్మా, నీ ప్రశ్నలోనే సగం జవాబు ఉంది. డ్రైవ్ పాట్ తిప్పితే మారుతోంది కాబట్టి తప్పు డ్రైవ్ పాట్ చుట్టూ ఉంది. టోన్ కెపాసిటర్ తప్పైతే డ్రైవ్ ఎక్కడున్నా ఒకేలా మూగబోయేది. డయోడ్ల పక్కన, డ్రైవ్ పాట్‌కి సమాంతరంగా చిన్న సిరామిక్ కెపాసిటర్ ఉంటుంది, 51 పీకోఫారడ్. దాని మీద ఏం రాసుంది?

పాలకొండ_పెడల్
511 అని ఉంది. 51 అడిగితే ఇదే ఇచ్చారు, 51 కనబడుతోంది కదా అని వేసేశాను.

గంటస్తంభం_వోల్ట్ (విజయనగరం)
511 అంటే 51 పక్కన ఒక సున్నా, 510 పీకో. నీకు కావాల్సినదాని మీద 510 అని ఉంటుంది: 51 పక్కన ఒక్క సున్నా కూడా చేర్చక్కర్లేదు, అంటే 51 పీకో. డ్రైవ్ పూర్తిగా పెంచితే ఆ దారిలో 500 కె పాట్, 51 కె రెసిస్టర్ కలిపి 551 కె. 51 పీకోతో అయితే దాదాపు 5,600 హెర్ట్జ్ పైనుంచి గెయిన్ తగ్గడం మొదలవుతుంది, అది చెవికి ఇంపుగా ఉంటుంది. 510 పీకోతో 560 హెర్ట్జ్ నుంచే తగ్గిపోతుంది. గిటార్‌లో స్పష్టత అంతా ఆ పైనే ఉంటుంది. డ్రైవ్ తగ్గిస్తే 51 కె ఒక్కటే మిగులుతుంది కాబట్టి ఆ హద్దు మళ్ళీ 6,000 దాకా లేస్తుంది. అందుకే తక్కువలో బాగుంది.

ఈ కోడ్‌లో చివరి అంకె ఎన్ని సున్నాలో చెబుతుంది, లెక్కంతా పీకోఫారడ్‌లలో. 104 అంటే 0.1 మైక్రో, 103 అంటే 0.01, 473 అంటే 0.047. మీటరులో కెపాసిటెన్స్ రేంజి ఉంటే కొలిచి వెయ్యి.

కోట_వయొలిన్ (విజయనగరం)
నేను గిటార్ కాదు, వయొలిన్ వాయిస్తాను. పీజో పికప్ (కంపనాన్ని సిగ్నల్‌గా మార్చేది) పెట్టి, ఆ సిగ్నల్ బలహీనపడకుండా ఒక ఫెట్ బఫర్ (ఫెట్ అనే రకం ట్రాన్సిస్టర్‌తో సర్క్యూట్) కట్టుకున్నాను. సౌండ్ సన్నగా, కీచుగా ఉంది. మంద్ర స్థాయి అసలు పలకడం లేదు. 1919లో మొదలైన సంగీత కళాశాల ఉన్న ఊరు మాది, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వయొలిన్ నేర్పిన చోటు. ఇక్కడ ఇలాంటి సౌండుతో కచేరీలో కూర్చోవడానికి మనసొప్పడం లేదు. పార్టులన్నీ కొత్తవే.

గంటస్తంభం_వోల్ట్ (విజయనగరం)
ఇన్‌పుట్ నుంచి గ్రౌండ్‌కి వెళ్ళే రెసిస్టర్‌ని కొలవండి. 1 మెగ్ (పది లక్షల ఓములు) అయితే బ్రౌన్, బ్లాక్, బ్లాక్, ఎల్లో, బ్రౌన్. 100 కె అయితే ఎల్లో బదులు ఆరెంజ్. పీజో ఒక చిన్న కెపాసిటర్ లాంటిదే. అది 1 నానోఫారడ్ అనుకుంటే, 100 కె వేస్తే 1,600 హెర్ట్జ్ కింద ఉన్నదంతా తగ్గిపోతుంది. 1 మెగ్ వేస్తే ఆ హద్దు 160కి దిగుతుంది. ఫెట్ గేటు (దాని ఇన్‌పుట్ కాలు) దాదాపు కరెంటు తీసుకోదు కాబట్టి మీరు 4.7 మెగ్ కూడా వేసుకోవచ్చు, మంద్రం నిండుగా వస్తుంది.

కోట_వయొలిన్ (విజయనగరం)
కొలిచాను, 99.8 కె! ఈ రోజే మారుస్తాను. చాలా చాలా ధన్యవాదాలండీ.

ఆమదాలవలస_ఆరుతీగలు
390 ఓములు వేశాను అన్నా! కలెక్టర్ 5.1, బేస్ 0.76, ఎమిటర్ 0.15. సౌండ్ ఎంత పెరిగిందంటే పాట్ సగం కూడా తిప్పలేకపోతున్నాను. ఇంట్లోవాళ్ళు పరిగెత్తుకొచ్చారు. ఆదివారానికి బ్యాటరీ బదులు ఇంట్లో వైఫై రూటర్ అడాప్టర్ వాడొచ్చా?

మైకుసెట్టు_మాస్టారు (రాజాం)
వద్దు బావూ, వద్దు. రూటర్ అడాప్టర్లు ఎక్కువగా 12 వోల్టులవి, పిన్ను మధ్యలో ప్లస్. పెడల్స్‌కి మామూలుగా 9 వోల్టులు, మధ్యలో మైనస్. తిరగబడిన కరెంటు వెళ్తే నీ కష్టమంతా పోతుంది. ఆదివారానికి బ్యాటరీతోనే వాయించు, ఈ సర్క్యూట్ అర మిల్లీయాంపు కూడా తాగదు. తర్వాత అడాప్టర్ జాక్ పెడితే ప్లస్ దారిలో 1ఎన్5817 డయోడ్ ఒకటి వరసగా వెయ్యి. తిరగేసి గుచ్చినా కరెంటు లోపలికి పోదు, మామూలుగా వాడేటప్పుడు పోయేది పావు వోల్టు. పక్కన 100 మైక్రో ఎలక్ట్రోలిటిక్ వేస్తే 25 వోల్టులది తీసుకో, గీత ఉన్న కాలు మైనస్. ఒకసారి తిరగేసి కరెంటు ఇచ్చిన ఎలక్ట్రోలిటిక్ పైకి బాగానే ఉన్నా మళ్ళీ వాడకు.

ఆమదాలవలస_ఆరుతీగలు
సరే మాస్టారూ, బ్యాటరీయే. తీసిన రీడింగులన్నీ బాక్సు మూత లోపల కాగితం మీద రాసి అతికించాను, మళ్ళీ ఏదైనా అయితే పోల్చుకోవడానికి.

పాలకొండ_పెడల్
అన్నయ్యా, ఇక్కడ షాపులో 510 లేదు. 51జే అని రాసున్నది ఇచ్చారు. వేసుకోవచ్చా?

గంటస్తంభం_వోల్ట్ (విజయనగరం)
వేసుకో చెల్లెమ్మా. రెండంకెలే ఉంటే అవే పీకోలు, 51 పీకో. జే అంటే ఐదు శాతం అటూ ఇటూ. పాతదాన్ని కట్ చేసి, కాళ్ళు విడివిడిగా తీసెయ్.